తెలియని ప్రాణిపై తీర్పు

సముద్రజలముతో నింపిన గాజుతొట్టిని ఇంటిలో నుంచుకొని, అందు చేపలను, పగడములను, ఆల్చిప్పలను పెంచు అలవాటు అమెరికాలోను ఐరోపా దేశములలోను అనేకులకు కలదు. అట్టి గృహస్థునికి ఒకనాటి రాత్రి ఒక ఆశ్చర్యము ఎదురగును. పగటివేళ తొట్టి నిర్మలముగా నుండును. దీపములార్పిన కొన్ని గంటల తరువాత చేతిదీపము పట్టి చూచునప్పటికి, గాజుగోడమీద ఆవగింజంతవి, బియ్యపుగింజంతవి, తెల్లని నత్తలు పదులకొలదిగా ప్రాకుచుండును. వానిని ఎవరును కొని తేలేదు. ఎవరును తొట్టిలో విడువలేదు. ఇవి యెక్కడనుండి వచ్చినవి? ఏమి తినును? ఉండనిచ్చుట మేలా, ఏరి పారవేయుట మేలా?

పైకి ఇది పిల్లల వినోదమునకు సంబంధించిన ప్రశ్నవలె నుండును. కాని యిందు మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఈ ప్రాణి యేది? ఇది చేయు పని యేమి? దీనియెడ మానవుని కర్తవ్యమేమి? ఇదియే న్యాయమైన క్రమము. అయినను లోకములో తరచుగా మూడవ ప్రశ్నకే ముందుగా సమాధానము సిద్ధమగును. తెలియనిది కనబడినది గనుక ప్రమాదకరమైనది. ప్రమాదకరమైనది గనుక తొలగింపవలసినది - మనస్సు ఒక్క క్షణములో ఇంతదూరము పోవును. మానవుల విషయములో ఈ తొందరపాటును పరిశీలించుట కష్టము, ఏలయన అచట రాగద్వేషములు అడ్డువచ్చును. నత్త విషయములో అవి యంతగా అడ్డురావు. కావున ఆ చిన్న ప్రాణినే ముందుగా పరిశీలించుట మంచిది.

మొదట అవి వచ్చిన త్రోవను తెలిసికొనవలెను. తొట్టిలో నుంచుటకై తెచ్చు పగడపురాయి వట్టి రాయి కాదు. దాని రంధ్రములలో పురుగులు, స్పంజీలు, నత్తలు, వాని గ్రుడ్లు దాగియుండును. ఆల్చిప్పల అడుగునను, పెద్ద నత్తల గుల్లలమీదను అంటుకొని మరికొన్ని వచ్చును. ఇవి గోడ దూకి వచ్చిన దొంగలు కావు. గృహస్థుడే తన చేతులతో వానిని ఇంటికి తెచ్చినాడు. తెచ్చినట్లు తానెరుగడు, అంతియే. ఈ సంగతి యిప్పటికి గుర్తుంచుకొనిన చాలును; తరువాత దీని అవసరము కలుగును.

ఇక భయమునకు కారణమేమి? కారణము లేకపోలేదు. వెచ్చని సముద్రములలో ట్రైడాక్నా అను పెద్ద ఆల్చిప్పలు కలవు. వీనిలో అన్నిటికంటె పెద్ద జాతి మీటరుకు పైగా పొడవు పెరిగి, 200 కిలోల బరువును మించును. వీని మెత్తని పెదవులలో సూక్ష్మమైన నాచు నివసించి, సూర్యరశ్మితో ఆహారమును సిద్ధము చేసి, తన ఆతిథ్యమిచ్చిన ప్రాణికి పంచి యిచ్చును. భారతదేశమున ఈ ఆల్చిప్పలకును పగడములకును వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ నిచ్చుచున్నది. ఇతర దేశములలో పెంపకపు కేంద్రములలో పుట్టిన పిల్ల ఆల్చిప్పలు అమ్మకమునకు వచ్చును. గాజుతొట్టెలలో వానిని పెంచువారు కలరు.

ఈ ఆల్చిప్పలకు పిరమిడెల్లిడ్ అను నత్తల కుటుంబములోని కొన్ని జాతులు శత్రువులు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, సన్నని గోపురమువలె కొనదేరి, తెల్లగా బియ్యపుగింజను పోలి యుండును. సామాన్యముగా నత్తల నోట ఆకురాయి వంటి నాలుక యుండి, దానితో అవి పాచిని గీకి తినును. పిరమిడెల్లిడ్ నత్తకు ఆ నాలుక లేదు. దానికి బదులు చాచుటకు వీలైన పొడవైన తొండమును, ఆ తొండములో సూది వంటి ముల్లును కలవు. ఆ ముల్లుతో ఆల్చిప్ప దేహమును గ్రుచ్చి, లోపలి ద్రవమును పీల్చుకొనును. పగలు ఇది ఆల్చిప్ప అడుగుభాగమున, నారపోగులతో రాతిని పట్టుకొను సందులో దాగియుండును. రాత్రియైనంతనే పైకి ప్రాకి పెదవి అంచును చేరును. ఒకటి రెండు నత్తలవలన పెద్ద ఆల్చిప్పకు కలుగు నష్టము స్వల్పమే. కాని వాని సంఖ్య పెరిగినచో పిల్ల ఆల్చిప్ప క్రమముగా నీరసించి మరణించును. 1980 దశకమున పసిఫిక్ ప్రాంతములో పెద్ద ఆల్చిప్పల పెంపకమునకు పూనుకొనిన శాస్త్రజ్ఞులకు ఈ నత్తలు ఒక పెద్ద చిక్కుగా పరిణమించినవి.

ఈ వృత్తాంతమును విన్న గృహస్థుడు, ఆ రాత్రి గాజుమీద తెల్లని చిన్న నత్తలను చూచి ఏమనుకొనును? "ఇవే అవి!" అనుకొనును. తొట్టిలోని ఆల్చిప్ప గుర్తునకు వచ్చును. తక్షణమే చేయి నీటిలోనికి పోవును. లేదా మందుసీసా చేతిలోనికి వచ్చును.

కాని చిన్నదనమును తెల్లదనమును ఒక్క పిరమిడెల్లిడ్ నత్తకే చెందిన గుణములు కావు. కొల్లోనిస్టా అను నత్త కలదు. అదియు కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరుగదు. అయితే దాని గుల్ల గోపురమువలె గాక, చుట్టిన తలపాగావలె గుండ్రముగా నుండును. దాని వాకిటికి దళసరియైన సున్నపు మూత యుండును. అది రాత్రివేళ పాచిని గీకి తినుటయే గాని యెవరికిని కీడు చేయదు. సెరిథియం జాతుల పిల్లనత్తలు కలవు. ఇవి పొడవుగా కొనదేరి యుండుటచే పిరమిడెల్లిడ్ నత్తలని భ్రమ గొల్పును. భూతద్దముతో చూచినచో వీని గుల్లలమీద గరుకైన బుడిపెలు, మచ్చలు కనబడును. ఇవి ఇసుకలో దూరి కుళ్ళిన పదార్థమును తినుచు తొట్టిని శుభ్రపరచును. స్టొమాటెల్లా అను మరియొకటి కలదు. దాని గుల్ల చెవి ఆకారమున బల్లపరుపుగా నుండి, దేహమును పూర్తిగా కప్పజాలదు. శత్రువు పట్టుకొనిన యెడల పాదము చివరి భాగమును విడిచి, తప్పించుకొని పోవును. ఇక గాజుకు అంటుకొని కదలక మెదలక యుండు తెల్లని చిన్న చుట్ట యొకటి తరచుగా కనబడును. చూచువారు దానిని నత్తయే యందురు. అది నత్తయే కాదు, తన చుట్టును సున్నపుగొట్టము కట్టుకొనిన ఒక పురుగు.

కావున గుర్తింపునకు రంగు చాలదు, పరిమాణము చాలదు. ఆకారము కొంత సాయపడును. అది యే చోట నివసించునో, ఏ వేళ సంచరించునో తెలిసికొనుట ఇంకను ఎక్కువ సాయపడును. అన్నిటికంటె తిరుగులేని గుర్తు మరియొకటి కలదు. నత్త గాజుమీద ప్రాకునప్పుడు దాని పైభాగమును గాక, తొట్టి వెలుపలినుండి గాజుగుండ దాని నోటిని భూతద్దముతో చూడవలెను. పాచిని తిను నత్తయైనచో నోరు తెరచుట, చిన్న నాలుక వెలువడి గాజును నాకుట, మరల నోరు మూయుట క్రమముగా కనబడును. ఆ దృశ్యమును చూచినవానికి ఇక సందేహముండదు. గీకుటకు నాలుకయే లేని పిరమిడెల్లిడ్ నత్త ఆ పని చేయజాలదు. గుల్ల రూపము తికమక పెట్టవచ్చును గాని, చేయుచున్న పని సత్యమును తెలుపును.

చిప్పను చూచి భ్రమించుట భారతీయ దర్శనములకు క్రొత్త విషయము కాదు. ముత్యపుచిప్పను చూచి వెండి యని భ్రమించు దృష్టాంతము ప్రసిద్ధమైనది. ఆదిశంకరులు బ్రహ్మసూత్ర భాష్యమునకు వ్రాసిన ఉపోద్ఘాతములో దీనిని ఉదాహరించిరి. ఆ భ్రమలో రెండు భాగములు కలవని ఆచార్యులు వివరింతురు. కన్ను "ఇది" అని చూచినది. మెరయుచున్న వస్తువొకటి యెదుట నున్నదనుట యథార్థమే. "వెండి" అనునది మాత్రము ఎదుటినుండి రాలేదు. పూర్వము చూచిన వెండి సంస్కారమునుండి వచ్చి ఆ వస్తువుపై నిలిచినది. తొట్టియెదుట నిలిచిన గృహస్థుని స్థితియు ఇట్టిదే. "ఇది తెల్లని చిన్న నత్త" యనుట అతడు చూచినది. "ఇది నా ఆల్చిప్పను చంపునది" యనుట అతడు చూచినది కాదు, విన్నది. వినినదానిని తెచ్చి చూచినదానిపై అంటించినాడు. చిప్పలో వెండిని చూచినది లోభము. నత్తలో హంతకుని చూచినది భయము. లోభమైనను భయమైనను భ్రమ చేయు పని యొక్కటే. దానికి చికిత్సయు ఒక్కటే: సమీపించి చూచుట. మంచి మనస్సు మాత్రమే యున్నచో వెండి మాయము కాదు. చిప్పను చేతబట్టి చూడవలెను.

గాజుతొట్టి చరిత్రయందే ఈ సత్యమునకు ఒక చక్కని నిదర్శనము కలదు. ఆర్గనాట్ అను అష్టపాద జీవి యొకటి సముద్రమున నివసించును. అందు ఆడుది కాగితమువలె పలుచనైన అందమైన గుల్లలో నుండును. గుల్లకు దాని దేహము నత్తదేహమువలె అతుకుకొని యుండదు. ఆ కారణముచే అది తన గుల్ల కాదనియు, సన్యాసిపీత వట్టి గుల్లను ఆక్రమించినట్లు ఇదియు మరియొక ప్రాణి గుల్లను అపహరించినదనియు పలువురు పండితులు తలంచిరి. 1794లో ఫ్రాన్సులో జన్మించి, సిసిలీ ద్వీపములోని మెస్సీనా నగరమున నివసించిన జాన్ విల్‌ప్రో-పవర్ అను వనిత ఈ వివాదమును గ్రంథములతో తేల్ప బూనలేదు. 1832 ప్రాంతమున ఆమె గాజుతొట్టెలను చేయించి, సముద్రజలమును నింపి, అందు ఆర్గనాట్లను ఉంచి, వాని జీవితమును ఓపికతో పరిశీలించినది. గుల్లను కొంత విరిచినచో ఆ జీవియే దానిని మరల పూడ్చుకొనుట చూచినది. పిల్లజీవి తన గుల్లను తానే నిర్మించుకొనుట చూచినది. చిరకాలముగా దొంగతనపు నిందను మోసిన ప్రాణి నిర్దోషి యని తేలినది. సముద్రజీవుల పరిశీలనకై గాజుతొట్టిని మొదట వాడినవారిలో ఆమె యొకతె. అనగా ఒక ప్రాణిపై నున్న అపవాదును విచారించుటకు ఉపయోగపడిన సాధనమే నేడు అనేక గృహములలో అలంకారముగా నున్నది. ఆ సాధనముయెదుట నిలిచి విచారణ లేకయే తీర్పు చెప్పుట ఎంత విపరీతము!

ఇచట దయాహృదయుడు ఒక ప్రశ్న వేయవచ్చును. "ఇంత విచారణ యెందులకు? అన్ని ప్రాణులును సమానమే గదా. దేనిని చంపక అన్నిటిని అట్లే విడిచిపెట్టుట అహింస కాదా?" ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. కాని తొట్టి అడుగున ఆల్చిప్ప కూడ ప్రాణియే. అది పారిపోజాలదు, అరవజాలదు. పెదవులు క్రమముగా ముడుచుకొని పోవుచుండ, రాత్రివేళ దాని అడుగున నేమి జరుగుచున్నదో చూడనొల్లనివాడు అహింసాపరుడు కాడు. చూచుటకు శ్రమపడనివాడు మాత్రమే. తెలియక చంపుట యెట్టి దోషమో, తెలిసికొనుటకు వీలున్నను తెలిసికొనక చావనిచ్చుటయు అట్టి దోషమే. అజ్ఞానము కోపపు వేషము వేసికొనవచ్చును, దయ వేషమును వేసికొనవచ్చును. రెండు వేషములలోను అది అజ్ఞానమే.

జ్ఞానము వచ్చిన తరువాత జరుగు పనిని గమనింపుడు. భయపడినవాడు తొట్టిలో రాగిమందు పోసినచో, పిరమిడెల్లిడ్ నత్తలతోపాటు మేలుచేయు నత్తలును, పురుగులును, పగడములును, ఏ ఆల్చిప్పను కాపాడనెంచెనో ఆ ఆల్చిప్పయు నశించును. రాగి వెన్నెముక లేని సముద్రజీవులకు విషము. తెలిసినవాడు అట్లు చేయడు. ఆల్చిప్పను మెల్లగా వెలికిదీసి, మెత్తని కుంచెతో దాని గుల్ల మడతలను, అడుగుభాగమును తోమును. జిగురువలె పారదర్శకముగా అంటియుండు గ్రుడ్లను తుడిచివేయును. కొన్ని దినములకొకసారి, కొన్ని వారములపాటు అట్లే చేయును. గాజుమీద పాచి తినుచున్న నత్తల జోలికి పోడు. అజ్ఞానపు హింసకు హద్దు లేదు. జ్ఞానమున్నచోట హింస తప్పనిసరియైనను దానికొక హద్దు ఏర్పడును. ఈ హద్దును ఏర్పరచుటయే విచారణవలన కలుగు మొదటి ఫలము.

రెండవ ఫలము ఇంకను లోతైనది. ఈ నత్త నిజముగా పిరమిడెల్లిడ్ జాతిదే యని తేలినదనుకొందము. అప్పుడైన అది దుష్టప్రాణి యనవచ్చునా? విశాల సముద్రములో ఇది చిరకాలముగా జీవించుచున్నది. అక్కడ దీనిని తిను చేపలు, పీతలు కలవు. పుట్టిన పిల్లలలో అనేకము అలలపాలగును. కావున అచట ఆల్చిప్పల వంశమును అంతమొందింపలేదు; రెండును నేటికిని జీవించియే యున్నవి. తొట్టిలో శత్రువులు కొరవడినవి; ఆశ్రయమిచ్చు ఆల్చిప్ప జానెడు దూరములో కదలక కూర్చున్నది; నాలుగు గోడలు పిల్లలనన్నిటిని అచటనే నిలిపి యుంచినవి. నత్త తన స్వభావమును మార్చుకొనలేదు. దానిని ఉపద్రవముగా మార్చినవి గోడలు. ఆ గోడలను కట్టినవాడు మానవుడు. రాతితోను ఆల్చిప్పతోను దానిని ఇంటికి తెచ్చినవాడును అతడే. ఈ విషయము తెలిసినవానికి నత్తపై కోపము నిలువదు. అయినను అతడు దానిని తొలగింపక తప్పదు. ఆ పనిని అతడు కసితో గాక, తన పొరపాటుకు తానే ఋణము తీర్చుకొనువానివలె చేయును. మరియొక ఆల్చిప్పను తెచ్చునాడు, ముందుగా దానిని వేరొక తొట్టిలో కొన్ని వారములుంచి, రాత్రివేళల పరిశీలించి, ఆపైననే పెద్దతొట్టిలో చేర్చును. ఆ కొన్ని వారముల జాగ్రత్త ముందే యుండిన యెడల, ఆల్చిప్పకు బాధయు నత్తకు చావును తప్పియుండెడివి.

చంపుటకు చేయిరాక, ఏరిన నత్తలను సమీపపు సముద్రములో విడుచుట దయ యని యెంచువారు కూడ కలరు. అదియు విచారణ లేని దయయే. 1984లో మధ్యధరా సముద్రమున మొనాకో తీరములో కౌలెర్పా అను నాచు చిన్న గుంపుగా కనబడినది. అది గాజుతొట్టెల అలంకారమునకై పెంచబడుచుండిన నాచు. చూచుచుండగనే ఆ సముద్రతీరములలో విస్తరించి, అచటి సహజమైన సముద్రపుగడ్డి నెలవులను కప్పివేసినది. ఒక నీటిలో అందమైనది మరియొక నీటిలో ఉపద్రవమగును. తన తొట్టిలోని సమస్యను సముద్రమునకు అప్పగించుటవలన గృహస్థుని బాధ్యత తీరదు; అది లెక్కకు అందనంతగా పెరుగును.

విచారణ యెంతవరకు సాగవలెనను ప్రశ్న మిగిలియున్నది. లిన్నేయస్ మహాశయుడు 1758లో వెలువరించిన గ్రంథమునుండి జంతువులకు రెండుమాటల శాస్త్రీయ నామములు స్థిరపడినవి. ఒక్క పిరమిడెల్లిడ్ కుటుంబములోనే వేలకొలది జాతులు వర్ణింపబడినవి. గుల్ల కొనయందలి తొలిచుట్టు మిగిలిన చుట్లకు భిన్నమైన దిశలో తిరిగియుండుట మొదలగు సూక్ష్మలక్షణములను సూక్ష్మదర్శినితో చూచిననే గాని పండితులకును జాతినామము తేలదు. గృహస్థునికి అంతటి జ్ఞానము అవసరమా? కాదు. అతని కర్తవ్యమునకు జాతినామము తెలియనక్కరలేదు. ఆ ప్రాణి పాచిని తినుచున్నదా, ఆల్చిప్పను పీల్చుచున్నదా యని తెలిసిన చాలును. పూర్ణజ్ఞానము కలుగువరకు ఏ పనియు చేయననుట సోమరితనమునకు ఒక సాకు. పనికి చాలినంత జ్ఞానమునైన సంపాదింపక చేయి చేసికొనుట అన్యాయము. ఈ రెంటికి నడుమ నున్న త్రోవయే వివేకము.

నత్తల విషయమున ఇంత జాగ్రత్త వహించు మానవుడు సాటి మానవుల విషయమున ఎట్లు వర్తించుచున్నాడు? ఇంటిలో ఒక వస్తువు కనబడకపోయిన దినమున అనుమానము ఎవరిమీద వాలును? క్రొత్తగా పనికి కుదిరిన మనిషిమీదనే వాలును. వీధిలోనికి పరభాషవారు కాపురమునకు వచ్చినచో, వారు చేయు పనినిగాక వారి వేషమును, వారి మాట యాసను చూచి తీర్పు చెప్పువారే యెక్కువ. ఆ మనుష్యుడేమి చేయుచున్నాడో చూచుటకు ఒక్క దినము ఓపికపట్టినవారు అరుదు. పోయిన వస్తువు మరునాడు బీరువా వెనుక దొరకవచ్చును. కాని ముందునాడు పడిన మాట పనిమనిషి మనస్సునుండి తొలగిపోదు. గుల్లను చూచి ప్రాణిని శిక్షించుట అనగా ఇదియే.

కావున ఆ రాత్రి గృహస్థుడు చేయవలసినది స్వల్పమే. చేతిలోని మందుసీసాను క్రిందనుంచి, భూతద్దమును తీసికొని, గాజుకు వెలుపల నిలిచి, ఆ చిన్న నోరు తెరచుకొనువరకు వేచియుండవలెను. ఒక్క రాత్రి ఆలస్యమువలన ఆల్చిప్పకు మించిపోవు ప్రమాదమేదియు లేదు. ఆ ఒక్క రాత్రి ఓపిక లేకపోయినచో, ఏ తప్పును చేయని పదుల ప్రాణములు పోవచ్చును. చూచిన పిదప విడువవలసి వచ్చినను, తొలగింపవలసి వచ్చినను, అతడు చేయు పని భయముచేత జరిగినది కాక, తెలిసి చేసినదగును. తెలిసి చేసినదానికే మానవుడు బాధ్యత వహింపగలడు.